మౌని ఒట్టో: జర్మన్ జలాంతర్గామి కమాండర్ క్రెచ్‌మర్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఒట్టో క్రెచ్‌మర్ ఎవరు?

రెండో ప్రపంచ యుద్ధంలో ఏ దేశపు జలాంతర్గామి కమాండరూ ముంచనన్ని టన్నుల ఓడలను ముంచిన జర్మన్ నౌకాదళ అధికారి. లెక్క కట్టే పద్ధతిని బట్టి 46 లేదా 47 ఓడలు, మొత్తం సుమారు 2,73,000 టన్నులు. విచిత్రమేమిటంటే, దాదాపు ఆరేళ్ళు సాగిన ఆ యుద్ధంలో అతడు పోరాడింది ఏడాదిన్నరే. 1941 మార్చిలో బ్రిటిష్ వాళ్ళకు పట్టుబడ్డాడు. ఆ తరువాత నాలుగేళ్ళపాటు వందలాది జర్మన్ జలాంతర్గాములు సముద్రం మీదికి వెళ్ళినా అతని లెక్కను ఎవరూ దాటలేకపోయారు.

ఇక్కడ టన్ను అంటే బరువు కాదు. ఓడ లోపలి ఖాళీని కొలిచే పాత పద్ధతి అది; 100 ఘనపుటడుగులు ఒక టన్ను. జర్మన్ పత్రికలు ఈ టన్నులనే క్రికెట్ పరుగుల్లా రోజూ అచ్చు వేసేవి. ఆ అంకెల్లో మనుషుల లెక్క ఉండేది కాదు. దాని గురించి కింద వేరే ప్రశ్న ఉంది.

మద్రాసు మీద గుండ్లు కురిపించిన ఎండెన్‌కూ ఇతనికీ సంబంధం ఉందా?

లేదు. 1914 సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు రేవులోని చమురు ట్యాంకులను తగలబెట్టిన ఎండెన్ మొదటి ప్రపంచ యుద్ధం నాటి క్రూయిజర్. నీటి పైన నడిచే యుద్ధనౌకే కాని జలాంతర్గామి కాదు. అప్పటికి క్రెచ్‌మర్‌కు రెండేళ్ళు. అయితే అదే పేరుతో జర్మనీ తరువాత కట్టుకున్న మరో క్రూయిజర్‌లో అతడు యువ క్యాడెట్‌గా శిక్షణ పొందాడు. ఉన్న సంబంధం ఆ పేరు మేరకే.

చిన్ననాటి సంగతులు ఏమైనా తెలుసా?

1912 మే 1న సైలీషియా ప్రాంతంలో, లీగ్నిట్స్ పట్టణం దగ్గర హైడావు అనే ఊళ్ళో పుట్టాడు. ఆ ప్రాంతం ఇప్పుడు పోలండ్‌లో ఉంది. తండ్రి బడిపంతులు. పదిహేడేళ్ళ వయసులో కొన్ని నెలలు ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌లో ఉండి చదువుకున్నాడు, ఇంగ్లిషు బాగా పట్టుబడింది. 1930లో నౌకాదళంలో చేరాడు, 1936లో జలాంతర్గాముల విభాగానికి మారాడు. నేర్చుకున్న ఆ ఇంగ్లిషు ఒక అర్ధరాత్రి నలభై మంది ప్రాణాలు నిలబెట్టింది. ఆ కథ తరువాత వస్తుంది.

'మౌని ఒట్టో' అనే పేరు ఎందుకు వచ్చింది?

స్వభావరీత్యా మితభాషి. కాని పేరు స్థిరపడటానికి అసలు కారణం రేడియో.

జర్మన్ జలాంతర్గాముల అధిపతి కార్ల్ డోనిట్స్ ఒడ్డున కూర్చుని రేడియో ద్వారానే అన్నిటినీ నడిపేవాడు. ఒక జలాంతర్గామికి బ్రిటన్ వైపు వెళ్ళే ఓడల బృందం కంటపడితే వెంటనే కబురు పెట్టాలి. డోనిట్స్ మిగిలినవాటిని అక్కడికి తోలుతాడు. చీకటి పడ్డాక అన్నీ కలిసి మీద పడతాయి. తోడేళ్ళ గుంపు పద్ధతి అని దీనికి పేరు. పథకం గొప్పదే. కాని రేడియోలో నోరు తెరిచిన ప్రతిసారీ తానెక్కడ ఉన్నదీ శత్రువుకు చెప్పుకున్నట్టే. రెండు మూడు చోట్ల నుంచి ఆ సంకేతం ఏ దిక్కు నుంచి వస్తోందో పట్టుకుంటే చాలు, చోటు తెలిసిపోతుంది.

క్రెచ్‌మర్‌కు ఈ ప్రమాదం మొదటి నుంచీ తెలుసు. తప్పనిసరైతే తప్ప సందేశం పంపేవాడు కాదు. పంపినా నాలుగు ముక్కలే. తన సంకేతలిపి అభేద్యమని జర్మనీ గట్టిగా నమ్మిన రోజుల్లో ఈ పొదుపు అతి జాగ్రత్తగా కనిపించి ఉండవచ్చు. ఆ లిపిని తయారుచేసే ఎనిగ్మా యంత్రపు సందేశాలను 1941 మధ్య నుంచి బ్రిటన్ చాలావరకు చదివిందని దశాబ్దాల తరువాత లోకానికి తెలిసింది.

మొదట నడిపినది ఏ జలాంతర్గామి?

యుద్ధం మొదలయ్యేనాటికి యూ-23 అతని చేతిలో ఉంది. తీరం దగ్గర తిరగడానికే పనికివచ్చే చిన్న నమూనా అది. దానితోనే 1940 జనవరిలో స్కాట్లండ్‌కు ఉత్తరాన ఆర్క్‌నీ దీవుల్లోని ఒక అఖాతంలోకి దూరి, లంగరు వేసి ఉన్న డెన్మార్క్ అనే 10,000 టన్నుల డేనిష్ ట్యాంకరును కొట్టాడు. ఫిబ్రవరి 18న డేరింగ్ అనే బ్రిటిష్ డిస్ట్రాయర్‌ను (వేగంగా నడిచే చిన్న యుద్ధనౌక) ముంచాడు. అందులో 150 మందికి పైగా పోయారు, బతికినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

అతనికి పేరు తెచ్చిన యూ-99 ఎలా ఉండేది?

విశాఖపట్నం రామకృష్ణా బీచ్‌లో మ్యూజియంగా నిలిపిన కుర్సురా లోపలికి మీరు వెళ్ళి ఉంటే సగం ఊహ అందినట్టే. ఆ ఇరుకు గుండ్రటి తలుపులు, ఒకరు వెళ్తుంటే మరొకరు గోడకు అతుక్కోవలసిన దారి, గొట్టాల అడవి. కుర్సురా పొడవు 91 మీటర్లు. యూ-99 అయితే 66.5 మీటర్లే, లోపల 40 మందికి పైగా మనుషులు.

రెండింటిదీ ఒకే సూత్రం. పైన తేలినప్పుడు డీజిల్ ఇంజన్లు, మునిగినప్పుడు బ్యాటరీలతో తిరిగే మోటార్లు. యూ-99 నీటి పైన దాదాపు 18 నాట్ల (గంటకు 33 కిలోమీటర్ల) వేగంతో పోగలదు, నీటి లోపల ఎనిమిదే. అదీ ఎక్కువసేపు కాదు, బ్యాటరీ అయిపోతుంది. కాబట్టి ఆనాటి జలాంతర్గామి నిజానికి జలాంతర్గామి కాదనవచ్చు. అవసరమైతే మునగగలిగే పడవ, అంతే. ఈ ఒక్క విషయం పట్టుబడితే క్రెచ్‌మర్ యుద్ధవిద్య మొత్తం అర్థమవుతుంది.

నీటిలో దూసుకుపోయి ఓడకు తగిలి పేలే టార్పెడోలను వదిలే గొట్టాలు ముందు నాలుగు, వెనుక ఒకటి, పైన ఒక ఫిరంగి. కీల్ రేవులోని గెర్మానియా కర్మాగారంలో కట్టారు. 1940 ఏప్రిల్‌లో సేవలోకి వచ్చింది. లంగరుకు చిక్కుకుని గుర్రపు నాడాలు పైకి వచ్చాయట. సిబ్బంది వాటినే శుభచిహ్నంగా పైగదికి ఇరువైపులా తగిలించారు. బంగారు నాడా పడవ అనే పేరు అలా వచ్చింది. శుభం మాత్రం వెంటనే కనిపించలేదు. తొలి ప్రయాణంలోనే షార్న్‌హోర్స్ట్ అనే జర్మన్ యుద్ధనౌక నుంచి ఎగిరిన సొంత దేశపు విమానమే శత్రువనుకుని బాంబు వేసింది. మరమ్మతుకు వెనక్కి రావలసి వచ్చింది.

'ఒక టార్పెడో, ఒక ఓడ' అంటే ఏమిటి?

అది క్రెచ్‌మర్ సూత్రం. ఆనాటి శిక్షణ ప్రకారం జలాంతర్గామి ఓడల బృందానికి బయట, దూరంగా ఉండి, విసనకర్ర విప్పినట్టు మూడు నాలుగు టార్పెడోలు ఒకేసారి వదలాలి. ఏదో ఒకటి తగులుతుంది. మోసుకువెళ్ళేవి పన్నెండు, పద్నాలుగు మాత్రమే కాబట్టి మూడు నాలుగు దాడుల్లో సంచి ఖాళీ.

క్రెచ్‌మర్ దీన్ని తలకిందులు చేశాడు. రాత్రి, నీటి పైన తేలుతూ, కాపలా నౌకల మధ్య సందులోంచి బృందం లోపలికే వెళ్ళేవాడు. రెండు వరుసల సరుకు ఓడల మధ్య వాటిలో ఒకటిలా సాగుతూ, అతి దగ్గర నుంచి ఒక్కో ఓడకు ఒక్కో టార్పెడో వదిలేవాడు.

పిచ్చి సాహసంలా కనిపిస్తుంది కాని వెనుక లెక్క ఉంది. బ్రిటిష్ కాపలా నౌకలకు ఉన్న ఆస్‌డిక్ అనే పరికరం నీటిలోకి శబ్దం పంపి, తిరిగివచ్చే ప్రతిధ్వనిని బట్టి మునిగి ఉన్నవాటిని పట్టేది. పైన తేలే పడవ దానికి దొరకదు. కంటితో చూద్దామంటే, చీకట్లో నీటి మట్టానికి కొద్ది అడుగులే లేచి ఉండే ఆ సన్నని ఆకారం అలల్లో కలిసిపోతుంది. పైగా కాపలావాళ్ళంతా బయటికే చూస్తుంటారు; దొంగ నట్టింట్లో ఉంటాడని ఎవరు అనుకుంటారు? ఈ లెక్కంతా ఒక్క షరతు మీద నిలబడి ఉంది: శత్రువుకు చీకట్లో చూసే కన్ను లేకపోవడం.

అతని పేరు మోగిన రాత్రి ఏది?

1940 అక్టోబరు 18. ఎస్‌సీ-7 అనే బృందం కెనడాలోని సిడ్నీ రేవు నుంచి 35 ఓడలతో బయల్దేరింది. ఎస్‌సీ అంటేనే నెమ్మదిగా నడిచేవి. పాత ఓడలు, తుప్పు పట్టినవి, పొగ కక్కేవి. సముద్రం దాటేంతవరకు వాటికి తోడు ఒక్కటే చిన్న కాపలా నౌక. బ్రిటన్ దగ్గరపడ్డాక మరికొన్ని వచ్చి కలిశాయి కాని, అవి అంతకు ముందు కలిసి పనిచేసినవి కావు, ఒక పద్ధతంటూ లేదు.

ఆ రాత్రి కనీసం అయిదు జలాంతర్గాములు మీద పడ్డాయి. క్రెచ్‌మర్ వరుసల మధ్యకు దూరి ఒక్కడే ఆరు ఓడలను ముంచాడు. వాటిలో ఫిస్కస్ అనేది ఉక్కు మోసుకువస్తోంది. ఉక్కు నిండిన ఓడకు రంధ్రం పడితే తేలే ప్రశ్నే లేదు. క్షణాల్లో వెళ్ళిపోయింది, ఒకే ఒక్కడు బతికాడు. కలప నిండిన ఓడలు మాత్రం సగం మునిగి గంటల తరబడి తేలుతూ ఉండిపోయేవి. సరుకు ఏమిటన్నదే మనిషి ఆయుష్షును నిర్ణయించేది.

మొత్తం 35లో 20 పోయాయి. మరునాటి రాత్రి వెనుకనే వస్తున్న హెచ్ఎక్స్-79 బృందంలో ఇంకో 12. జర్మన్ నావికులు ఆ నెలలను 'సుఖకాలం' అని పిలుచుకున్నారు. ఎవరికి సుఖమో చెప్పనక్కరలేదు.

ఫ్రాన్స్ పతనానికీ దీనికీ సంబంధం ఏమిటి?

చాలా ఉంది. అంతవరకు జర్మన్ జలాంతర్గాములు ఉత్తర సముద్రం నుంచి స్కాట్లండ్ చుట్టూ తిరిగి అట్లాంటిక్ చేరాలి. 1940 జూన్‌లో ఫ్రాన్స్ లొంగిపోయాక లోరియాన్ లాంటి అట్లాంటిక్ రేవులు చేతికి వచ్చాయి. రానూపోనూ ప్రయాణంలో పోయే రోజులు మిగిలాయి. ఆ ఆగస్టులో లోరియాన్‌కు వచ్చిన యూ-99 సిబ్బందికి బట్టలు లేక, బ్రిటిష్ సైన్యం వదిలిపోయిన దుస్తులు తొడుక్కుని వరుసలో నిలబడ్డారు. నౌకాదళాధిపతి రేడర్ స్వయంగా వచ్చి క్రెచ్‌మర్‌కు నైట్స్ క్రాస్ అనే పెద్ద సైనిక పతకం తొడిగింది ఆ శత్రువు దుస్తుల మధ్యనే.

యుద్ధనౌకలను కూడా ముంచాడా?

డేరింగ్ కాక, మూడు పెద్ద సాయుధ ప్రయాణికుల ఓడలను ముంచాడు. యుద్ధం రాగానే బ్రిటన్ ప్రయాణికుల ఓడలకు ఫిరంగులు బిగించి కాపలాకు పంపింది. 1940 నవంబరు 3 రాత్రి ఐర్లండ్‌కు పడమరన అరటిపండ్లు తెచ్చే కాసనారే అనే ఓడను క్రెచ్‌మర్ కొట్టాడు. ఆ దరిదాపుల్లోనే ఉన్న లారెంటిక్ దెబ్బతింది. దాని మనుషులను ఎక్కించుకోవడానికి ఆగిన పాట్రోక్లస్ ఆ రాత్రి మూడోది. మునిగేవాళ్ళ కోసం ఆగిన ఓడను కొట్టడం యుద్ధనీతికి విరుద్ధమా అంటే, అవి ఫిరంగులున్న నౌకలు కాబట్టి ఆనాటి నియమాల ప్రకారం కాదు. అయినా చదువుతుంటే మనసు ఒప్పుకోదు.

ఆ రాత్రి 'ఒక టార్పెడో' సూత్రం పనిచేయలేదు. మునగకుండా ఉండటానికి ఆ ఓడల కడుపు నిండా ఖాళీ పీపాలు నింపారు. పాట్రోక్లస్‌కు అరడజను టార్పెడోలు ఖర్చయ్యాయి. సాయుధ ప్రయాణికుల ఓడల్లో మూడోదైన ఫర్ఫార్ డిసెంబరులో మునిగింది.

మునిగిన ఓడల్లోని మనుషుల సంగతి?

రక్షణ పడవల్లో ఉన్నవాళ్ళ పట్ల క్రెచ్‌మర్ దయగా ఉన్న సందర్భాలు నమోదయ్యాయి. దుప్పట్లు, రొట్టె ఇచ్చి తీరం ఎటువైపో చెప్పేవాడు. 1940 సెప్టెంబరులో తెప్ప మీద ఒంటరిగా కొట్టుకుపోతున్న ఒక నావికుడిని పైకి తీసి, వెచ్చగా చుట్టి, బ్రాందీ తాగించి, తరువాత మరో ఓడ తాలూకు రక్షణ పడవలోకి ఎక్కించాడు.

ఇవి నిజాలే. కాని ఇవి చదివి అతన్ని పాత కాలపు వీరుడిగా కీర్తించే రచనలంటే నాకు కొంత చిరాకు. ఆ తెప్ప మీది మనిషిని తెప్ప మీదికి తెచ్చింది ఎవరు? ఉత్తర అట్లాంటిక్ నీళ్ళలో పడిన మనిషికి దుప్పటి అందేలోపు ప్రాణం పోవడమే ఎక్కువ.

మన వైపు నుంచి చెప్పవలసింది ఒకటుంది. బ్రిటిష్ వాణిజ్య నౌకల్లో బొగ్గు వేసేవాళ్ళు, వంటవాళ్ళు, కళాసీలుగా వేల సంఖ్యలో భారతీయులు పనిచేసేవారు. సిల్హెట్, చిట్టగాంగ్, గోవా, కొంకణ తీరం వాళ్ళు ఎక్కువ. లస్కర్లు అనేవారు. ఇంజను గది ఓడ అడుగున ఉంటుంది; టార్పెడో తగిలేది అక్కడే. ఆ యుద్ధంలో ఇలా పోయిన భారతీయ నావికులు 6,000 మందికి పైనే. 1940 సెప్టెంబరులో మునిగిన సిటీ ఆఫ్ బెనారస్‌లో ఇంగ్లిషు పిల్లలతో పాటు లస్కర్లు కూడా పెద్ద సంఖ్యలో చనిపోయారు. దాన్ని ముంచింది క్రెచ్‌మర్ కాదు, యూ-48.

ఎలా పట్టుబడ్డాడు?

1941 మార్చి 16 రాత్రి. హెచ్ఎక్స్-112 అనే బృందంలోకి ఎప్పటిలాగే దూరి అయిదు ఓడలను ముంచాడు, ఒక ట్యాంకరును దెబ్బతీశాడు. టార్పెడోలు అయిపోయాయి. ఇక ఇంటికే.

ఆ దగ్గరలోనే యూ-100 ఉంది. దాని కమాండర్ యోఆఖిం షెప్కే జర్మనీలో సినిమా తారంత పేరున్నవాడు. కాపలా దెబ్బలకు పైకి తేలిన యూ-100ను వానోక్ అనే డిస్ట్రాయర్ కటిక చీకట్లో కనిపెట్టి నేరుగా వెళ్ళి ఢీకొట్టింది. షెప్కే అక్కడే నలిగి చనిపోయాడు. చీకట్లో ఎలా కనిపించింది? వానోక్‌కు కొత్తగా రాడార్ అమర్చారు. నీటి పైన ఉన్న జలాంతర్గామిని రాడార్‌తో పట్టి ముంచిన తొలి సంఘటనగా దీన్నే చెబుతారు. క్రెచ్‌మర్ లెక్కలోని ఆ ఒక్క షరతు ఆ రాత్రి తప్పింది.

అతన్ని మాత్రం రాడార్ పట్టలేదు. యూ-99 పైభాగాన కాపలా ఉన్న అధికారి డిస్ట్రాయర్‌ను చూసి, తమను చూసేశారనుకుని, హడావిడిగా పడవను ముంచాడు. రాత్రిపూట పైనే ఉండి తప్పించుకోవాలన్నది క్రెచ్‌మర్ ఆజ్ఞ. మునగగానే వాకర్ అనే మరో డిస్ట్రాయర్ ఆస్‌డిక్‌కు దొరికిపోయింది. నీటి లోతులో పేలే బాంబులైన డెప్త్ ఛార్జీల దెబ్బకు యూ-99 అదుపు తప్పి 200 మీటర్ల లోతు దాటి జారింది. ఇంకొంచెం దిగితే నీటి ఒత్తిడికి రేకు డబ్బాలా నలిగిపోయేది. మిగిలిన గాలినంతా ట్యాంకుల్లోకి వదిలి పైకి తేల్చారు. ఎదురుగా డిస్ట్రాయర్ల ఫిరంగులు.

అప్పుడు మౌని నోరు విప్పాడు. దీపపు సంకేతంతో, ఇంగ్లిషులో, వాకర్ కెప్టెన్‌కు కబురు పంపాడు: నా మనుషులు మీ వైపు కొట్టుకువస్తున్నారు, దయచేసి కాపాడండి, నేను మునిగిపోతున్నాను. కెప్టెన్ డొనాల్డ్ మాకింటైర్ కాల్పులు ఆపి వాళ్ళను పైకి లాగించాడు. 43 మందిలో 40 మంది బతికారు. పడవ శత్రువు చేతికి చిక్కకుండా త్వరగా ముంచడానికి లోపలికి వెళ్ళిన ఇంజనీరు ష్రోడర్ దానితోనే పోయాడు.

అదే నెలలో గుంథర్ ప్రీన్ కూడా పోయాడు కదా?

అవును. స్కాపా ఫ్లో అనే బ్రిటిష్ నౌకాదళ రేవులోకి దూరి రాయల్ ఓక్ యుద్ధనౌకను ముంచిన ప్రీన్, యూ-47తో సహా మార్చి మొదటి వారంలోనే అదృశ్యమయ్యాడు. ముగ్గురు మేటి కమాండర్లు ఒక్క నెలలో. సుఖకాలం ముగిసింది. యుద్ధం పూర్తయ్యేసరికి జలాంతర్గాముల్లో పనిచేసిన సుమారు 40,000 మంది జర్మన్లలో 30,000 మంది వరకు తిరిగి రాలేదు. ఆ లెక్కలో చూస్తే పట్టుబడటమే క్రెచ్‌మర్ అదృష్టం.

అతడు నాజీనా?

ఆనాటి సైనిక చట్టం ప్రకారం సర్వీసులో ఉన్న అధికారులు పార్టీ సభ్యులుగా ఉండటానికి వీల్లేదు. విచారించిన బ్రిటిష్ అధికారులకు కూడా, తాము అనుకున్నంత నాజీ ఉన్మాదం అతనిలో కనిపించలేదు. కాని హిట్లర్ యుద్ధాన్ని శక్తివంచన లేకుండా చేశాడు, హిట్లర్ ఇచ్చిన పతకాలు ధరించాడు. బందీగా ఉన్నప్పటి ఒక సంఘటనను కూడా వీటితో కలిపి చూడాలి.

ఏమిటా సంఘటన?

ఇంగ్లండ్‌లోని గ్రైజ్‌డేల్ హాల్ అనే భవనంలో జర్మన్ అధికారులను బంధించారు. అక్కడి బందీల్లో పెద్ద క్రెచ్‌మర్. 1941 ఆగస్టులో యూ-570 అనే జలాంతర్గామి ఐస్లండ్ దగ్గర ఒక విమానానికి లొంగిపోయింది. దాని ఉప అధికారి బెర్న్ట్ ఈ శిబిరానికి రాగానే బందీలు రహస్యంగా 'గౌరవ న్యాయస్థానం' పెట్టారు. అధ్యక్షుడు క్రెచ్‌మర్. పిరికితనం నేరం రుజువైందన్నారు. పరిహారంగా, శిబిరం నుంచి తప్పించుకుని, బ్యారో రేవులో ఉన్న యూ-570 దగ్గరికి వెళ్ళి దాన్ని ముంచాలి. బెర్న్ట్ తప్పించుకున్నాడు, దొరికాడు, మళ్ళీ పరిగెత్తబోయి కాల్పుల్లో చనిపోయాడు. అట్లాంటిక్‌లో శత్రువు నావికుడికి దుప్పటి కప్పినవాడూ ఇక్కడ తనవాడిని ఈ దారి పట్టించినవాడూ ఒకడే.

జలాంతర్గామిలో తప్పించుకోవాలనుకున్న మాట నిజమేనా?

నిజమే, కథ కన్నా విచిత్రం. తరువాత అతన్ని కెనడాలోని బౌమన్‌విల్ శిబిరానికి పంపారు. బందీగా ఉండగానే జర్మనీ అతనికి నైట్స్ క్రాస్ పై ఖడ్గాల గౌరవం ప్రకటించింది. ఇచ్చింది శిబిరం కెనడియన్ అధికారి! 1943లో బందీలు సొరంగం తవ్వి, వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, న్యూ బ్రన్స్‌విక్ తీరంలో మేసొనెట్ అనే చోట యూ-536 ఎక్కాలని ఉత్తరాల్లో రహస్య లిపితో జర్మనీతో ఏర్పాటు చేసుకున్నారు. కెనడా వాళ్ళు ఆ ఉత్తరాలన్నీ చదువుతున్నారు. సొరంగం బయటపడింది. వోల్ఫ్‌గాంగ్ హైడా అనే అధికారి మాత్రం విడిగా, కంచె పైగా వెళ్ళే విద్యుత్ తీగకు వేలాడి దాటాడు. రైళ్ళలో ఆ తీరం దాకా చేరాడు కూడా. అక్కడ పోలీసులు ఎదురుచూస్తున్నారు. వల పసిగట్టిన యూ-536 జారుకుంది కాని నవంబరులో మునిగిపోయింది.

యుద్ధం తరువాత?

1947 డిసెంబరులో ఇల్లు చేరాడు. 1955లో పశ్చిమ జర్మనీ కొత్తగా ఏర్పరచుకున్న నౌకాదళంలో చేరి, చివరికి నాటో బాల్టిక్ నౌకాదళ విభాగానికి చీఫ్ ఆఫ్ స్టాఫ్ అయ్యాడు. అంటే తాను ముంచిన ఓడల దేశంతోనే కలిసి పనిచేశాడు. 1970లో ఫ్లోటిల్లా అడ్మిరల్ హోదాతో రిటైరయ్యాడు. 1998 ఆగస్టు 5న, 86 ఏళ్ళ వయసులో, డాన్యూబ్ నది మీద విహారంలో ఉండగా పడవలో జరిగిన ప్రమాదం వల్ల మరణించాడు.

ఆ బైనాక్యులర్ల కథ ఏమిటి?

వాకర్ మీదికి ఎక్కేటప్పుడు క్రెచ్‌మర్ మెడలో మంచి జైస్ బైనాక్యులర్లు ఉన్నాయి. నీళ్ళలోకి విసిరేయాలనుకున్నాడు, వీలుపడలేదు. మాకింటైర్ వాటిని తీసుకుని, మిగిలిన యుద్ధమంతా వాటితోనే జర్మన్ జలాంతర్గాముల కోసం వెతికాడు. యుద్ధం ముగిసి ఏళ్ళు గడిచాక, చిన్న పలక మీద మాటలు చెక్కించి, వాటిని సొంతదారుకు తిరిగి ఇచ్చాడు.